మా మెయిన్ రోడ్డు మళ్లీ వేస్తున్నారు, నడిచేవాళ్ల కోసం ఏం అడగాలి?

ఉప్పల్‌వాసి:
హైదరాబాద్‌లో మా కాలనీ మెయిన్ రోడ్డు తవ్వి మళ్లీ వేస్తారంట, వచ్చేవారం అసోసియేషన్ వాళ్లు ఇంజనీరు గారిని కలుస్తున్నారు, అందరూ వెడల్పు చేయండి అనే అంటున్నారు. మా అమ్మ కూరగాయలకి రోడ్డు దాటాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి, పిల్లలు సైకిల్ బయటికి తీస్తే భయం. ఫుట్‌పాత్ వేయండి అంటే చాలా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్

సివిల్_శీను:
ఉత్తగా ఫుట్‌పాత్ అంటే చాలదండి, కొలతలతో అడగాలి. ఐఆర్‌సీ 103 (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లు నడిచేవాళ్ల సౌకర్యాల కోసం రాసిన గైడ్‌లైన్స్) ప్రకారం అడ్డం లేకుండా నడిచే వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, కెర్బ్ (ఫుట్‌పాత్ అంచు రాయి) ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. మన దగ్గర మోకాలెత్తున కట్టేస్తారు, పెద్దవాళ్లు ఎక్కలేక రోడ్డు మీదే నడుస్తారు. ప్రతి గేటు దగ్గరా ఫుట్‌పాత్‌ని కిందికి దించేస్తారు, అది అస్సలు ఒప్పుకోకండి, నడిచే దారి ఒకే లెవెల్లో పోవాలి, బండే ర్యాంప్ ఎక్కి దిగాలి. ట్రాన్స్‌ఫార్మర్, స్తంభాలు ఎక్కడొస్తాయో డ్రాయింగ్‌లోనే చూపించమనండి, కట్టాక ఎవరూ జరపరు.
ఇంకోటి, రోడ్డు వెడల్పయితే స్పీడు పెరుగుతుంది. గంటకి 30 కిలోమీటర్ల స్పీడులో బండి గుద్దితే ఎక్కువమంది బతుకుతారు, 50లో గుద్దితే ఆ ఛాన్స్ బాగా తగ్గిపోతుంది. అందుకే దాటే చోట రోడ్డునే ఫుట్‌పాత్ ఎత్తుకి లేపమనండి.

సైకిల్_రాజు:
సైకిల్ లేన్ అని ఉత్త పెయింట్ వేస్తే మాత్రం వద్దనండి, వారంలో కార్లు పార్క్ చేస్తారు. మధ్యలో కెర్బ్ ఉండాలి. 2023లో ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన 23 కిలోమీటర్ల సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్ వేశారు, బాగుంది, నేనూ వెళ్తా, కానీ పాలు వేసే అతను, డ్యూటీకి వెళ్లే వాచ్‌మన్ తొక్కేది మీలాంటి రోడ్ల మీదే కదా, వాళ్లకి ఏం చేశాం?

ఉప్పల్‌వాసి:
థాంక్స్ అండి. ప్రెసిడెంట్ గారు ఫుట్ ఓవర్ బ్రిడ్జి అడుగుదాం అంటున్నారు, షాపులవాళ్లేమో పార్కింగ్ పోతుందని గొడవ

మల్లిక_చెన్నై:
మోకాళ్ల నొప్పులున్న అమ్మ అన్ని మెట్లు ఎక్కుతుందా? డివైడర్ మధ్యలో ఆగి నిలబడేంత చోటు అడగండి, ఒకసారికి ఒకవైపు బండ్లు చూసుకుని దాటొచ్చు. షాపులవాళ్లకి చెన్నైలో మా షాపింగ్ వీధి పాండీ బజార్ చూపించండి, 2019లో రోడ్డు తగ్గించి ఫుట్‌పాత్‌లు పెద్దవి చేశారు, తర్వాత దగ్గర్లోనే మల్టీలెవెల్ పార్కింగ్ కూడా వచ్చింది. సాయంత్రం ఎంత జనం నడుస్తారో! పార్కింగ్ సంగతి కూడా అదే మీటింగ్‌లో తేల్చుకోండి, లేకపోతే రేపు ఆ కార్లన్నీ కొత్త ఫుట్‌పాత్ ఎక్కేస్తాయి.