లిబ్‌కర్ల్ రీడ్ కాల్‌బ్యాక్‌తో అప్‌లోడ్: ఎర్రర్ లేదు, కానీ సర్వర్‌కి 10 బైట్లే చేరుతున్నాయి

లాగ్‌పిచ్చి:
సీ భాషలో, లిబ్‌కర్ల్ (నెట్‌లో డేటా పంపే, తెచ్చే లైబ్రరీ) వాడి చిన్న ప్రోగ్రాం రాస్తున్నాను. లినక్స్ నడిచే చిన్న బోర్డు, స్టోరేజీ బాగా తక్కువ. రోజువారీ లాగ్‌ని జీజిప్ చేసి (కుదించి) హెచ్‌టీటీపీ పుట్ (ఫైలు పెట్టే రిక్వెస్ట్)తో సర్వర్‌కి పంపాలి. కుదించిన కాపీని పెట్టుకునే జాగా లేక, లిబ్‌కర్ల్ అడిగినప్పుడల్లా రీడ్ కాల్‌బ్యాక్‌లోనే (పంపాల్సిన డేటా కోసం అది పిలిచే నా ఫంక్షన్) జెడ్‌లిబ్ అనే లైబ్రరీతో కుదించి ఇస్తున్నాను. పిలిచిన ప్రతిసారీ ఫైలు నుంచి 4,096 బైట్లు చదివి, జెడ్‌లిబ్‌లో కుదించే ఫంక్షన్ డిఫ్లేట్‌కి ఇస్తాను. బయటికి ఎన్ని బైట్లు వస్తే ఆ సంఖ్యని రిటర్న్ చేస్తాను. బదిలీని నడిపే ఈజీ పర్‌ఫార్మ్ ఓకే అంటోంది, సర్వర్ 201 (ఫైలు తయారైంది) ఇస్తోంది. తీరా అక్కడ చూస్తే ఫైలు 10 బైట్లే! లాగ్ చిన్నదైనా పెద్దదైనా అదే 10. ఎక్కడ పోతోందో అర్థం కావట్లేదు.

సర్వర్ అక్క:
ఎంత పంపబోతున్నారో ముందే చెప్పారా? ఇన్‌ఫైల్‌సైజ్ లార్జ్ ఆప్షన్ ఒకసారి పెట్టి చూడండి.

లాగ్‌పిచ్చి:
అసలు లాగ్ సైజు పెట్టి చూశాను అక్కా. ఇప్పుడు ఆ 201 కూడా లేదు, టైమౌట్ అయ్యేదాకా అలాగే వేలాడుతోంది.

పాయింటర్ బాబాయ్:
ముందు ఆ సైజు లైను తీసేయండి. మీరు చెప్పింది కుదించకముందు సైజు. అన్ని బైట్లు వస్తాయని సర్వర్ కాచుకుని కూర్చుంటుంది, అవి ఎప్పటికీ రావు. సైజు చెప్పకపోతే హెచ్‌టీటీపీ 1.1లో లిబ్‌కర్ల్ తనంతట తానే చంక్‌డ్ పద్ధతిలో (మొత్తం సైజు చెప్పకుండా ముక్కలుగా) పంపుతుంది. మీ పనికి అదే సరైంది.

ఇక ఆ 10 సంగతి. ఫైలు పేరు లాంటివేమీ చేర్చని జీజిప్ హెడర్ సరిగ్గా 10 బైట్లు. అంటే మొదటి పిలుపులో హెడర్ వెళ్ళింది, రెండో పిలుపుతో కథ ముగిసింది. డిఫ్లేట్‌కి 4 కేబీ ఇవ్వగానే 4 కేబీకి తగ్గ ఫలితం బయటికి రాదు. లోపల కొంత పోగయ్యాకే ఒక బ్లాకు వదులుతుంది. కాబట్టి రెండో పిలుపులో బయటికి వచ్చింది సున్నా, మీరు తిరిగిచ్చిందీ సున్నా.

లిబ్‌కర్ల్‌కి సున్నా అంటే ‘ఇప్పుడు లేదు’ అని కాదు, ‘ఇక లేదు’ అని. హోటల్లో వడ్డించేవాడికి విస్తరి మడిచి చూపించినట్టే, మళ్ళీ మీ వైపు రాడు. పైగా చంక్‌డ్‌లో ముగింపు గుర్తు కూడా పద్ధతిగా పంపేస్తుంది కాబట్టి సర్వర్‌కి అనుమానమే రాదు. మీకు ఎర్రర్ కనపడకపోవడానికి కారణం అదే.

కాల్‌బ్యాక్ లోపల లూప్ పెట్టండి. లిబ్‌కర్ల్ ఇచ్చిన బఫర్‌నే జెడ్‌లిబ్‌కి అవుట్‌పుట్‌గా చూపించండి. కనీసం ఒక్క బైటు వచ్చేదాకా చదవడం, డిఫ్లేట్‌కి ఇవ్వడం ఆపకండి. ఫైలు అయిపోయాక డిఫ్లేట్‌ని జెడ్ ఫినిష్ (ఇక ముగించు అనే విలువ)తో పిలవండి. స్ట్రీమ్ ఎండ్ (అంతా ఇచ్చేశాను అనే జవాబు) వచ్చి, ఇవ్వడానికి ఇంకేమీ మిగలనప్పుడు మాత్రమే సున్నా. బఫర్ హద్దు, కాల్‌బ్యాక్‌కి అందే సైజ్, ఎన్‌ఐటెమ్స్ విలువలు రెండూ గుణిస్తే వచ్చేది. డిఫాల్ట్ అప్‌లోడ్ బఫర్ 64 కేబీ అని ఎక్కడో చదివి ఆ అంకె కోడ్‌లో రాసేవాళ్ళున్నారు, ఆ పని వద్దు.

లాగ్‌పిచ్చి:
లూప్ పెట్టాను బాబాయ్, మొత్తం ఫైలు వెళ్ళింది! గన్‌జిప్ (కుదించింది విప్పడం) కూడా శుభ్రంగా అయింది. థాంక్స్. కానీ ఇదే కోడ్‌ని ఇంకో సర్వర్‌కి, డైజెస్ట్ లాగిన్ ఉన్నదానికి, తిప్పితే ఒక్కోసారి 65 ఎర్రర్ వస్తోంది. ఇదేంటి?

సర్వర్ అక్క:
ఇది నాకు బాగా పరిచయం. 65 అంటే డేటాని వెనక్కి తిప్పి మొదటి నుంచి పంపాల్సి వచ్చింది, కుదరలేదు అని. డైజెస్ట్‌లో మొదటి రిక్వెస్ట్‌కి సర్వర్ 401 (లాగిన్ కావాలి) ఇచ్చి సవాలు విసురుతుంది, దానికి జవాబుతో రెండోసారి పంపాలి. అప్పటికే మీ కాల్‌బ్యాక్ కొంత డేటా ఇచ్చేసి ఉంటే, దాన్ని మళ్ళీ ఎక్కడి నుంచి తేవాలో లిబ్‌కర్ల్‌కి తెలీదు. 307 రీడైరెక్ట్ (వేరే చిరునామాకి పంపమనడం) వచ్చినా ఇదే గొడవ.

సీక్ ఫంక్షన్ (డేటాలో అడిగిన చోటికి తిప్పేది) ఒకటి రాసి తగిలించండి. మీది కుదించిన స్ట్రీమ్ కాబట్టి మధ్యలోకి దూకడం సాధ్యం కాదు, మొదటికి మాత్రం వెళ్ళొచ్చు. ఆఫ్‌సెట్ సున్నా అయితే ఫైలుని మొదటికి తిప్పి, డిఫ్లేట్ రీసెట్ పిలిచి, ‘అయిపోయింది’ అని మీరు పెట్టుకున్న ఫ్లాగ్ కూడా తుడిచేసి ఓకే ఇవ్వండి. ఆ ఫ్లాగ్ మర్చిపోతే రెండో ప్రయత్నం ఖాళీగా పోతుంది. వేరే ఆఫ్‌సెట్ అడిగితే ఫెయిల్ అనండి.

లాగ్‌పిచ్చి:
అర్థమైంది అక్కా. చివరిగా ఒకటి. లాగ్ ఇంకా రాస్తూ ఉండగానే పంపాలంటే? డేటా రానప్పుడు సున్నా ఇవ్వకూడదు, కాల్‌బ్యాక్‌లో కూర్చుని ఎదురుచూడనా?

పాయింటర్ బాబాయ్:
కూర్చోకండి, ఆ కనెక్షన్ మొత్తం మీతోపాటే ఆగిపోతుంది. రీడ్‌ఫంక్ పాజ్ అనే ప్రత్యేక విలువ ఉంది, అది తిరిగివ్వండి. డేటా వచ్చాక ఈజీ పాజ్‌ని కంటిన్యూ విలువతో పిలిస్తే మళ్ళీ మొదలవుతుంది. ఆ పిలుపు వేరే థ్రెడ్ నుంచి మాత్రం చేయకండి. ఈజీ పర్‌ఫార్మ్ వాడుతుంటే, లిబ్‌కర్ల్ మధ్యమధ్యలో పిలిచే ప్రోగ్రెస్ కాల్‌బ్యాక్‌లో చేయొచ్చు, దానికి నోప్రోగ్రెస్ ఆప్షన్‌ని సున్నా చేయాలి. మల్టీ ఇంటర్‌ఫేస్‌కి (బదిలీ లూప్‌ని మీరే నడిపే పద్ధతి) మారితే ఈ తంటా తగ్గుతుంది. మధ్యలో రద్దు చేయాలంటే సున్నా ఇచ్చి తప్పించుకోకండి, సగం ఫైలే పూర్తి ఫైలుగా నమోదైపోతుంది. దానికి అబార్ట్ విలువ వేరే ఉంది, అప్పుడు 42 ఎర్రర్ వస్తుంది, అది మంచిదే.

సర్వర్ అక్క:
ఇంకో మాట. కొన్ని సర్వర్లు చంక్‌డ్‌ని ఒప్పుకోవు, 411 ఇస్తాయి. అక్కడ కుదించాక ఎంతవుతుందో ముందే చెప్పాల్సిందే. ర్యామ్ సరిపోతే అందులో కుదించి పెట్టుకోండి. లేదంటే ఒకసారి ఉత్తినే కుదించి బైట్లు లెక్కపెట్టి, రెండోసారి నిజంగా పంపండి. లాగ్ మధ్యలో పెరగకుండా మాత్రం చూసుకోండి.