మడమ నొప్పి: ఎక్స్‌రేలో ఎముక పెరిగిందన్నారు, తీయించాల్సిందేనా?

ప్రశ్న (విజయవాడ)
అమ్మకి 49 ఏళ్లు, షుగర్ ఉంది. వన్‌టౌన్‌లో చీరల షాపులో పని. చెప్పులు బయట వదిలేసి రోజంతా టైల్స్ మీద నిలబడాలి. నాలుగు నెలలుగా కుడి మడమ నొప్పి. పొద్దున మంచం దిగి అడుగు వేస్తే మేకు గుచ్చినట్టు ఉంటోందట. కాస్త నడిచాక సర్దుకుని, సాయంత్రానికి మళ్లీ మొదలవుతోంది. ఇటుక కాల్చి జిల్లేడాకు వేసి కాపడం పెట్టమంటున్నారు చుట్టాలు. ఏం చేయాలండి?

ఫిజియో, గుంటూరు
ఆ ఎముక గురించి బెంగ వద్దండి. మడమ నొప్పే లేనివాళ్ల ఎక్స్‌రేలోనూ అది కనిపిస్తుంది, నొప్పి తగ్గాక కూడా అలాగే ఉంటుంది. మీరు చెప్పిన తీరు చూస్తే ఇది ప్లాంటార్ ఫేషియా నొప్పిలా ఉంది. మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఉండే గట్టి పట్టీ అది. రాత్రంతా కదలిక లేక బిగుసుకుంటుంది, పొద్దున ఒక్కసారిగా బరువు పడితే లాగుతుంది.

అందుకే మంచం దిగకముందే సాగదీయాలి. కుడి పాదం ఎడమ మోకాలి మీద పెట్టుకుని, వేళ్లన్నీ పట్టుకుని మోకాలి కింద ముందువైపు ఉండే ఎముక వైపు వంచాలి. రెండో చేతి బొటనవేలితో అరికాలు నొక్కి చూస్తే పట్టీ తాడులా బిగిసి తగలాలి. తగలకపోతే వేళ్లు సరిగా వంగలేదన్నమాట. పది అంకెలు లెక్కపెట్టి వదలాలి. అలా పదిసార్లు, రోజుకి మూడు పూటలు.

అసలు మందేంటంటే, పాదానికి బలం పెంచడం. డెన్మార్క్‌లో రాత్లెఫ్ అనే పరిశోధకుడి బృందం 2014లో ప్రచురించిన పద్ధతి ఇది. మెట్టు అంచున నిలబడి, చుట్టిన టవల్ వేళ్ల కింద పెట్టి, 3 సెకన్లలో మడమ లేపాలి, 2 సెకన్లు ఆపాలి, 3 సెకన్లలో దించాలి. 12 చొప్పున 3 విడతలు, రోజు విడిచి రోజు. ఒంటికాలి మీద చేయలేకపోతే రెండు కాళ్లతో మొదలుపెట్టండి. తేలికయ్యాక వీపుకి పుస్తకాల బ్యాగు తగిలించి 10 చొప్పున 4, ఆ తర్వాత 8 చొప్పున 5. చేసేటప్పుడు పదికి నాలుగు దాకా నొప్పి ఉన్నా పర్వాలేదు, మర్నాడు పొద్దున మొదటి అడుగు ముందుకంటే బాధ పెట్టకూడదు. పెడితే బ్యాగులో బరువు తగ్గించండి. రెండు వారాలకే మానేసేవాళ్లే ఎక్కువ. దీనికి కనీసం మూడు నెలలు పడుతుంది.

ఇంకొకరు (ఫిజియో, విజయవాడ)
కాల్చిన ఇటుక మాత్రం వద్దే వద్దు. షుగర్ వల్ల అరికాలు మొద్దుబారి ఉంటే కాలినా తెలియదు, పుండు పడితే మానడం కష్టం. మెట్ల మీద రైలింగ్ పట్టుకునే చేయించండి.

మడమను రెండు పక్కల నుంచీ అరచేతులతో అదిమి చూడండి. అప్పుడే నొప్పి ఎక్కువైతే ఎముకలో సన్నటి పగులు ఉందేమో చూడాలి. రాత్రి మంటలు, తిమ్మిర్లు ఉంటే నరం సంగతి. వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టరు, తర్వాతే వ్యాయామం.

ప్రశ్న వేసినవారు
అదిమితే నొప్పి లేదండి, తిమ్మిర్లూ లేవు. టవల్ ఎంత మందం? షాపులో చెప్పులు వేసుకోనివ్వరు.

ఫిజియో, గుంటూరు
వేళ్లు పూర్తిగా పైకి వంగేంత మందం. టవల్ అరికాలి మధ్యకి జారితే ఫలితం ఉండదు, వేళ్ల కిందే ఉండాలి. షాపు లోపలికి మాత్రమే వాడేలా ఒక కొత్త ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు అట్ట ఉండే) చెప్పుల జత ఉంచుకుంటానని యజమానిని అడగమనండి. కుదరకపోతే నిలబడే చోట మందపాటి రబ్బరు మ్యాట్ వేయించండి. ఇంట్లో గచ్చు మీద కూడా ఉత్త కాళ్లతో తిరగనివ్వకండి.