డీబగ్‌లో పనిచేసిన చెక్ -ఓ2 పెట్టగానే మాయమైంది, ఇది కంపైలర్ బగ్ కాదా?

ప్యాకెట్_వాసు:

అందరికీ నమస్కారం. నెట్‌వర్క్ నుంచి వచ్చే ప్యాకెట్లను విప్పి చదివే పాత సీ లైబ్రరీ ఒకటి నా నెత్తిన పడింది, నాకంటే ముందు ఎన్ని చేతులు మారిందో లెక్కలేదు. అందులో ఒక ఫంక్షన్‌కి ఆఫ్‌సెట్ (ఎక్కడ మొదలు), లెన్ (ఎంత పొడవు) అని రెండు ఇంట్‌లు (మైనస్ కూడా పట్టే 32 బిట్ పూర్ణాంకాలు) వస్తాయి. రెండూ కూడి ఎండ్ అనే ఇంకో ఇంట్‌లో పెట్టుకుంటుంది. ఎండ్ < ఆఫ్‌సెట్ అయితే ఎర్రర్ ఇచ్చి బయటికి వచ్చేస్తుంది, అంటే కూడిక ఓవర్‌ఫ్లో అయి మైనస్‌లోకి పోయిందేమో చూసుకోవడం అన్నమాట. తర్వాత ఎండ్ > సైజ్ (బఫర్ మొత్తం సైజు) అయితే ఇంకో ఎర్రర్. రెండూ దాటితే డేటాని కాపీ చేసే మెమ్‌కాపీ.

మా టెస్టర్ ఆఫ్‌సెట్ 100, లెన్ 2147483647 పెట్టి ఒక ప్యాకెట్ పంపింది. డీబగ్ బిల్డ్ బుద్ధిగా ఎర్రర్ ఇచ్చింది. క్లాంగ్ కంపైలర్‌లో -ఓ2తో (కోడ్ వేగంగా నడిచేలా ఆప్టిమైజ్ చేయమనే ఫ్లాగ్) చేసిన రిలీజ్ బిల్డ్ మాత్రం మొదటి చెక్ దాటేసింది, రెండోదీ దాటేసింది (ఎండ్ మైనస్‌లో ఉంటే సైజ్ కంటే తక్కువే కదా), నేరుగా మెమ్‌కాపీలోకి వెళ్లి సెగ్‌ఫాల్ట్ (తనది కాని మెమరీని ముట్టుకుని క్రాష్). ప్రింట్‌ఎఫ్ పెడితే ఎండ్ విలువ -2147483549 అని కనిపిస్తోంది. ఆఫ్‌సెట్ 100 అని కనిపిస్తోంది. అయినా ఎండ్ < ఆఫ్‌సెట్ నిజం కాదట! వార్నింగులన్నీ ఆన్ చేసి చూశా, కంపైలర్ నోరు మెదపలేదు.

మా లీడ్ ఇది కంపైలర్ బగ్, పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లిపోదాం అంటున్నారు. నిజంగా బగ్గేనా? రిలీజ్ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

రిజిస్టర్_రమణి:

బగ్ కాదండీ వాసు గారూ. పాత వెర్షన్‌కి వెళ్లినా ఇదే గతి, మీ లీడ్ గారికి ముందు ఆ మాట చెప్పేయండి.

మీరు చెప్పినట్టే ఒక చిన్న ఫంక్షన్ రాసి కంపైలర్ ఎక్స్‌ప్లోరర్‌లో పెట్టి చూశాను (గాడ్‌బోల్ట్ అంటామే, అదే, మన కోడ్ ఏ మెషీన్ ఇన్‌స్ట్రక్షన్లుగా మారిందో చూపించే సైట్. వాడకపోతే ఇవాళే అలవాటు చేసుకోండి, ఇలాంటి గొడవలు సగం అక్కడే తేలిపోతాయి). -ఓ0లో (ఆప్టిమైజేషన్ లేకుండా) రాసింది రాసినట్టు ఉంది, కూడింది, పోల్చింది. -ఓ2కి మార్చగానే ఆ మొదటి చెక్ ఉన్న చోట మిగిలింది "టెస్ట్ ఈఎస్ఐ, ఈఎస్ఐ" అనే ఒక్క ఇన్‌స్ట్రక్షన్, దాని వెనకాల ఒక జంప్. ఈఎస్ఐ అనే రిజిస్టర్‌లో ఉన్నది లెన్. ఈడీఐలో ఉన్న ఆఫ్‌సెట్ జోలికే పోలేదు. అంటే ఎండ్ < ఆఫ్‌సెట్ అని మీరు అడిగితే, అది లెన్ < 0 అని మార్చుకుంది. మామూలు లెక్కల్లో రెండూ ఒకటే కదా. మీ ప్యాకెట్‌లో లెన్ మైనస్ కాదు, కాబట్టి చెక్ పాస్. ప్రింట్‌ఎఫ్‌లో కనిపించే ఎండ్ విలువకీ ఈ పోలికకీ ఇక సంబంధమే లేదు.

మరి ఓవర్‌ఫ్లో అయితే ఏంటి అంటారా, సైన్డ్ ఇంట్ ఓవర్‌ఫ్లో అయితే అన్‌డిఫైన్డ్ బిహేవియర్ అని 1989 నాటి ఆన్సీ స్టాండర్డ్ నుంచీ ఉన్నదే. అంటే "మంచి ప్రోగ్రామ్‌లో అది జరగదు" అని నమ్మే హక్కు కంపైలర్‌కి ఇచ్చేసినట్టు. అప్పట్లో దానికో కారణం ఉంది. మైనస్ నంబర్లను అన్ని మెషీన్లూ టూస్ కాంప్లిమెంట్‌లో దాచేవి కావు, వన్స్ కాంప్లిమెంట్ ఉండేది, సైన్ బిట్ విడిగా పెట్టుకునేవీ ఉండేవి, ఒక్కో దానిలో ఓవర్‌ఫ్లో ఒక్కోలా ఉండేది, అందుకని ఏ ఒక్కటీ రూల్‌గా పెట్టకుండా వదిలేశారు. ఇప్పుడా మెషీన్లు లేవు. సీ++20లో, ఆ తర్వాత సీ23లో టూస్ కాంప్లిమెంట్ ఒక్కటే అని ఖరారు కూడా చేశారు. ఓవర్‌ఫ్లోని మాత్రం అలాగే అన్‌డిఫైన్డ్‌గా ఉంచారు, ఎందుకంటే ఈలోగా కంపైలర్లు దాన్ని స్పీడ్ కోసం వాడుకోవడం మొదలుపెట్టాయి. 64 బిట్ మెషీన్ మీద ఫర్ లూప్‌లో 32 బిట్ ఇంట్ ఇండెక్స్ పెడితే, అది ఓవర్‌ఫ్లో కాదని నమ్మితేనే ప్రతిసారీ దాన్ని 64 బిట్‌లకు సాగదీసే పని తప్పుతుంది, లూప్ ఎన్నిసార్లు తిరుగుతుందో ముందే లెక్క కట్టుకోవచ్చు, వెక్టరైజ్ చేయొచ్చు (ఒకే ఇన్‌స్ట్రక్షన్‌తో చాలా విలువల మీద లెక్క చేయడం).

రిపేర్ సులువు. కూడిక బదులు తీసివేత వాడండి. ఆఫ్‌సెట్, లెన్ రెండూ మైనస్ కాదని చూసి, ఆఫ్‌సెట్ > సైజ్ అయితే ఎర్రర్, లెన్ > సైజ్ - ఆఫ్‌సెట్ అయితే ఎర్రర్. ఇందులో ఎక్కడా ఓవర్‌ఫ్లోకి చోటు లేదు. కూడే తీరాలంటే జీసీసీ, క్లాంగ్ రెండింటిలోనూ బిల్టిన్ యాడ్ ఓవర్‌ఫ్లో ఉంది, ఓవర్‌ఫ్లో అయ్యిందా లేదా నేరుగా చెబుతుంది. సీ23లో దాన్నే సీకేడీ యాడ్ పేరుతో స్టాండర్డ్‌లోకి తెచ్చారు.

పాతకాపు:

రమణి గారు చెప్పింది రూల్ ప్రకారం నూటికి నూరు పాళ్లు కరెక్ట్. కానీ వాసు, నీ లీడ్‌కి కోపం రావడంలో తప్పులేదు, నాకూ వస్తుంది. "ఏం జరుగుతుందో మేం చెప్పలేం" అని రాసిన వాక్యాన్ని "ఇది జరగదు" అని చదువుకోవడం ఎవరిచ్చిన తెలివి? ప్రోగ్రామర్ సేఫ్టీ కోసం రాసుకున్న చెక్‌ని తీసేస్తూ ఒక్క వార్నింగ్ కూడా ఇవ్వకపోవడం ఏం మర్యాద?

2009లో లైనక్స్ కెర్నల్‌లో ఏం జరిగిందో చూడు. 2.6.30లో ట్యున్ అనే వర్చువల్ నెట్‌వర్క్ డ్రైవర్. ఒక లైన్లో ట్యున్ అనే పాయింటర్ లోపలి నుంచి సాకెట్ తీసుకున్నారు, తర్వాతి లైన్లలో ఆ పాయింటర్ నల్ (ఖాళీ) అయితే ఎర్రర్ ఇచ్చి వెనక్కి రమ్మన్నారు. వరస తప్పే, ఒప్పుకుంటా. జీసీసీ ఏమనుకుంది, పైన ఆల్రెడీ డీరిఫరెన్స్ చేశారు (పాయింటర్ చూపే చోటికి వెళ్లారు) కాబట్టి ఇది నల్ అయ్యే ప్రసక్తే లేదు, ఈ చెక్ వేస్ట్ అని తీసి పారేసింది. మామూలుగా క్రాష్‌తో పోయేది కాస్తా రూట్ యాక్సెస్ దాకా వెళ్లే హోల్ అయి కూర్చుంది. ఆ తర్వాత కెర్నల్ వాళ్లు నల్ చెక్‌లు తీసేయొద్దు అనే ఫ్లాగ్‌ని బిల్డ్‌లో పెట్టేసుకున్నారు. స్ట్రిక్ట్ ఏలియాసింగ్ (వేర్వేరు టైపుల పాయింటర్లు ఒకే మెమరీని చూపవనే నమ్మకం) వద్దన్న ఫ్లాగ్ ఉంది, ఓవర్‌ఫ్లో జరగదని అనుకోవద్దన్న ఫ్లాగూ ఉంది. అంటే చూడు, అంతమంది చదివే సీ కోడే స్టాండర్డ్ సీ మాకొద్దు, మా సీ మాకుంది అంటోంది.

పోనీ దీనివల్ల వచ్చే స్పీడ్ ఎంత? 1998లో టాడ్ ప్రోబ్‌స్టింగ్ అనే కంపైలర్ మనిషే సగం జోకుగా ఒక లెక్క వేశాడు, హార్డ్‌వేర్ 18 నెలలకి రెట్టింపు అయితే కంపైలర్ ఆప్టిమైజేషన్ 18 ఏళ్లకి రెట్టింపు చేస్తుందని. వెక్టరైజేషన్ లాంటివి విలువైనవే, కాదనను. నెట్‌వర్క్ నుంచి వచ్చే డేటా చదివే కోడ్‌కి మాత్రం అదంతా అక్కర్లేదు.

నీ మేక్‌ఫైల్‌లో (బిల్డ్ సెట్టింగులు ఉండే ఫైల్) ఎఫ్-ర్యాప్-వి ఫ్లాగ్ పెట్టు. ఓవర్‌ఫ్లో అయితే చుట్టు తిరిగి మైనస్‌లోకి రావాలని దానికి రాసిచ్చినట్టు. నీ పాత చెక్ మళ్లీ పనిచేస్తుంది.

నీలితెర:

ఇదంతా మన కాలేజీల పుణ్యం కూడా. ఇప్పటికీ ఎన్ని ల్యాబుల్లో డాస్‌బాక్స్‌లో టర్బో సీ నడుస్తోందో చూడండి, అందులో ఇంట్ అంటే 16 బిట్లు, 32767కి ఒకటి కలిపితే -32768 రావడం అందరం కళ్లారా చూశాం, రికార్డు పుస్తకంలో గుండ్రంగా గీసి మరీ రాశాం. వైవాలో అడిగితే అదే చెప్పాలి. అది ఆ కంపైలర్ అలవాటు, సీ రూల్ కాదు అని ఎవరూ చెప్పరు. ప్లేస్‌మెంట్ పుస్తకాల్లో ఐ++ + ++ఐ అవుట్‌పుట్ ఎంత అని నాలుగు ఆప్షన్లు ఇస్తారు చూడండి, అదీ అన్‌డిఫైన్డే. అందులో కరెక్ట్ ఆప్షనే ఉండదు, దానికి మార్కులు మాత్రం ఉంటాయి.

తుప్పు_కాదు_రస్ట్:

ఎవరో ఒకరు అనాలి కాబట్టి నేనే అంటున్నా: రస్ట్‌లో రాయండి 😀

సరదాకి కాదు బ్రో, భాష ఏ దారి తీసుకుందో చూస్తే గొడవ అర్థమవుతుంది. జావాలో, గోలో సైన్డ్ ఓవర్‌ఫ్లో అయితే చుట్టు తిరుగుతుందని స్పెక్‌లోనే ఉంది. దాంతో అంతా బాగుందా అంటే లేదు, జావా లైబ్రరీలో ఉన్న బైనరీ సెర్చ్‌లోనే లో + హై ఓవర్‌ఫ్లో అయి మైనస్ ఇండెక్స్ వచ్చే బగ్ ఏళ్ల తరబడి దాక్కుని 2006లో గానీ బయటపడలేదు. రూల్ ఉన్నంత మాత్రాన ఆన్సర్ కరెక్ట్ అయిపోదు. రస్ట్‌లో డీబగ్ బిల్డ్ అయితే పానిక్ అవుతుంది (ఎర్రర్‌తో ఆగిపోతుంది), చుట్టు తిరగాలంటే ర్యాపింగ్ యాడ్ అని, చూసుకోవాలంటే చెక్డ్ యాడ్ అని మనమే చెప్పాలి. కోడ్ చదివేవాడికి రాసినవాడి ఉద్దేశం కనిపిస్తుంది, నాకు నచ్చేది అదే.

మా వాళ్లు చాలామంది దాచే సంగతి కూడా చెప్పేస్తా: రస్ట్ రిలీజ్ బిల్డ్‌లో డిఫాల్ట్‌గా పానిక్ లేదు, చప్పుడు చేయకుండా చుట్టు తిరుగుతుంది. రస్ట్ బిల్డ్ టూల్ కార్గో ప్రొఫైల్‌లో ఓవర్‌ఫ్లో చెక్స్ ట్రూ అని పెట్టుకోవాలి. పెట్టకపోయినా నీకు జరిగినట్టు చెక్‌ని ఎగరగొట్టడం మాత్రం ఉండదు, బఫర్ దాటి చదవబోతే స్లైస్ దగ్గర ఆగిపోతుంది.

రిజిస్టర్_రమణి:

పాతకాపు గారూ, ఆ ఫ్లాగ్ మీద ఆధారపడమనడం నాకు నచ్చలేదు. రేపు ఎవరో ఈ ఫైల్‌ని ఇంకో ప్రాజెక్ట్‌లోకి కాపీ చేసుకుంటారు, మేక్‌ఫైల్‌ని కాపీ చేసుకోరు. వార్నింగ్ గురించి మీ కోపం సబబే, కానీ ఆచరణలో కష్టం. మ్యాక్రోలు, ఇన్‌లైన్ ఫంక్షన్లు విప్పాక కంపైలర్ ఇలాంటి అక్కర్లేని పోలికలు గుట్టలుగా తీసేస్తుంది, ప్రతిదానికీ వార్నింగ్ ఇస్తే ఎవరూ చదవరు.

వాసు గారూ, చెక్ మార్చాక అక్కడితో ఆగకండి. -ఎఫ్‌శానిటైజ్ = అన్‌డిఫైన్డ్ (ప్రోగ్రామ్ నడుస్తుండగా ఇలాంటి తప్పుల్ని పట్టే శానిటైజర్) పెట్టి ఇంకో బిల్డ్ చేసి మీ టెస్టులన్నీ దాని మీద తోలండి. 2015లో ఆండ్రాయిడ్‌ని వణికించిన స్టేజ్‌ఫ్రైట్ బగ్గుల్లో చాలావరకు ఇలాంటి ఇంటీజర్ ఓవర్‌ఫ్లోలే, వీడియో ఫైల్‌లోంచి వచ్చిన సైజులని కూడటంలో, గుణించడంలో వచ్చినవే. ఆ తర్వాత ఆండ్రాయిడ్ 7లో మీడియా కోడ్‌ని ఈ శానిటైజర్ చెక్‌లతోనే బిల్డ్ చేసి ఫోన్లలోకి పంపారు.

ప్యాకెట్_వాసు:

అందరికీ థాంక్స్. చెక్‌ని తీసివేతకి మార్చా, -ఓ2లో కూడా ఎర్రర్ సరిగ్గా వస్తోంది. శానిటైజర్ పాత కోడ్ మీద ఫైల్ పేరు, లైన్ నంబర్‌తో సహా 100 + 2147483647 ఇంట్‌లో పట్టదు అని మొహం మీదే చెప్పింది, ఇది ముందే తెలిసుంటే బాగుండేది.

ఇంకో చోట కూడా పట్టుకుంది, అది అర్థం కాలేదు. చెక్‌సమ్‌లో రెండు అన్‌సైన్డ్ షార్ట్‌లని (మైనస్ లేని 16 బిట్ అంకెలు) గుణిస్తున్నారు, రెండూ 65535 అయినప్పుడు సైన్డ్ ఓవర్‌ఫ్లో అంటోంది. అన్‌సైన్డ్‌కి ఓవర్‌ఫ్లో గొడవే లేదంటారు కదా? ఫ్లాగ్ కూడా పెట్టాలా వద్దా, మా లీడ్ అదే అడుగుతున్నారు.

పాతకాపు:

అన్‌సైన్డ్ షార్ట్ ఇంట్‌లో పట్టేస్తుంది కాబట్టి గుణకారానికి ముందే రెండూ ఇంట్‌గా మారిపోతాయి, అన్‌సైన్డ్ ఇంట్‌గా కాదు, సైన్డ్ ఇంట్‌గా. 65535 × 65535 అంటే 4294836225, ఇంట్‌కి పై హద్దు 2147483647. ఒకదాన్ని ముందే అన్‌సైన్డ్ ఇంట్‌కి క్యాస్ట్ చేసి గుణించు, సరిపోతుంది. సీని తిట్టడానికి నేను దాచుకున్న వాటిలో ఇది నాకు బాగా ఇష్టమైనది.

రమణి గారి మాట కూడా విను, చెక్ సరిగ్గా రాయి. ఫ్లాగ్ కూడా పెట్టు, రెండూ ఉంటే నష్టం లేదు. శానిటైజర్ బిల్డ్‌లో మాత్రం ర్యాప్-వి తీసెయ్, అది ఉంటే కొన్ని వెర్షన్లలో సైన్డ్ ఓవర్‌ఫ్లోని రిపోర్టే చేయదు, అన్నీ క్లీన్ అనుకుని సంతకం పెట్టేస్తారు మీ లీడ్.