కరెంటు ఇచ్చే కిటికీ అద్దాలు మన కోనసీమలో ఎవరైనా పెట్టించారా?

కొబ్బరితోట_అమలాపురం: నమస్కారమండి. పైన మేడ వేస్తున్నాం, డాబా సగం ఎప్పుడూ కొబ్బరిచెట్ల నీడే, అందుకని కిటికీలకి మామూలు అద్దంలా కనపడుతూ కరెంటు ఇచ్చే సోలార్ అద్దాలు పెట్టిద్దామని ఉంది. ఒక షాపాయన ఇల్లంతా దాని మీదే నడిచిపోద్దండీ అన్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

రేవుగట్టు: అడ్వాన్స్ ఇవ్వకండి ముందు. అద్దంలోంచి బయటికి కనపడాలంటే కంటికి కనిపించే వెలుగుని అది వదిలేయాలి, అతినీలలోహిత, పరారుణ కిరణాలతోనే సరిపెట్టుకోవాలి. 2014లో అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు చేసిన అద్దం ఆ కిరణాల్ని పీల్చి అంచులకి పంపుద్ది, అక్కడున్న సన్నటి సెల్స్ కరెంటు తీస్తాయి, కానీ సామర్థ్యం, అంటే పడ్డ ఎండలో కరెంటుగా మారేది, 1 శాతమే. 2020లో యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్ వాళ్లు 8.1 శాతం దాకా తెచ్చారు, వెలుగు మాత్రం 43 శాతమే లోపలికొస్తుంది. డాబా మీద పెట్టే ప్యానెల్ ఇప్పుడు 20 శాతం పైనే.

చెరువుగట్టు_భీమవరం: లెక్క చూడండి అన్నయ్యా. 4 అడుగుల పొడవు 4 అడుగుల వెడల్పు కిటికీ అంటే దాదాపు ఒకటిన్నర చదరపు మీటరు, ఎండ ఎదురుగా పూర్తిగా కొట్టినా 8 శాతం లెక్కన 120 వాట్లు. అంత ఎండ గోడకి ఎక్కడ తగులుద్ది? మే నెల మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, దక్షిణం కిటికీకి ఎండే పడదు. తూర్పుకి పొద్దున్న, పడమరకి సాయంత్రం, అంతే. పైగా మీ చెట్లు గోడ మీద కూడా నీడేస్తాయి కదా.

నరసాపురం_వదిన: మా వరండా పైకప్పుకి సెల్స్ మధ్య ఖాళీ ఉన్న రెండద్దాల ప్యానెల్స్ వేయించాం, కిందకి గళ్లు గళ్లుగా వెలుగు పడుద్ది, పిల్లలు ఆ గళ్లలోనే ఆడుకుంటారు. చాలా బాగుంటుందండి. కానీ సముద్రపు గాలికి నాలుగు రోజులకే అద్దం మీద తెల్లగా ఉప్పు పొర కడుద్ది, వేలితో రాస్తే గీత పడుద్ది, తుడిచిన రోజున ఇన్వర్టర్‌లో అంకె తేడా తెలిసిపోద్ది. బిగించేవాడు నెలనెలా వచ్చి తుడుస్తానన్నాడు, ఒక్కసారీ రాలేదు. మేడ మీద కిటికీ బయటివైపు మీరెలా తుడుస్తారు?

రేవుగట్టు: అలాగని పనికిరాదని కాదు. డాబా కంటే గోడలకే అద్దాలెక్కువుండే హైదరాబాద్ టవర్లలో దీనికి అర్థముంది, పరారుణాన్ని పట్టేస్తే లోపలికి వేడీ తగ్గుద్ది, ఏసీ ఖర్చు కలిసొస్తుంది. మన ఇంటికి ముందు కప్పు చూసుకోవాలి. కప్పు మీద సోలార్‌కి కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది.

కొబ్బరితోట_అమలాపురం: చెట్లు మాత్రం కొట్టనండి, నాన్నగారు నాటినవి. పశువుల పాక మీద నీడ పడదు, రేపు తొమ్మిదికి, పన్నెండుకి, మూడింటికి ఫొటోలు తీసి పెడతా. పడమర కిటికీ పక్కన గోడలో మాత్రం ఖాళీ పైపొకటి వేసి ఉంచమంటాను, మంచి అద్దం వచ్చినప్పుడు వైరు లాగడానికి.