'పొంపిరివోయి' అర్థం చెప్పండి, వ్యాసం రేపు పంపాలి

ఒంగోలు కుర్రాడు: గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ అనే వీడియో గేమ్ మీద చిన్న వ్యాసం రాస్తున్నా. 2018 ఆటకి 2022లో వచ్చిన కొనసాగింపు. విసిరితే వెనక్కొచ్చి ఠప్పున చేతిలో పడే గొడ్డలి అదే, ఎక్కడా కట్ లేకుండా వీపు వెనకే తిరిగే కెమెరా అదే. హీరో క్రేటోస్ చేతికి కొత్తగా వచ్చింది ఈటె ఒక్కటే, అదీ చాలా దూరం ఆడాక. బాగుంది గానీ భయపడుతూ చేసినట్టుంది. భారతంలో నన్నయ ఆపిన చోటు నుంచి ఎర్రన అందుకున్న అరణ్యపర్వశేషం మొదటి పద్యంతో పోలుద్దామంటే 'స్ఫురదరుణాంశురాగరుచిం బొంపిరివోయి' దగ్గర ఆగిపోయా. అది 'పొం'నా, 'బొం'నా? అర్థం ఎరుపెక్కి అనేనా?

కావలి మేష్టారు: ముందు ఆ నిండుసున్నా తియ్యి నాయనా. చంపకమాలలో పదో అక్షరం లఘువు. 'చిం' అంటే గురువై జగణం చెడుతుంది. 'రుచిఁ బొంపిరి', అరసున్నా. ద్రుతం, అంటే 'రుచిన్'లో నకారం, దాని మీద 'ప' సరళమైంది కాబట్టి బకారమే.

గూడూరు: యతికి మాత్రం 'స్ఫు'తో 'పొ' అయినా 'బొ' అయినా చెల్లుతుంది మేష్టారూ.

కావలి మేష్టారు: నేను యతి ఊసెత్తానా?

కందుకూరు: అర్థం సంగతి చూడండి. పొంపిరివోవటమంటే పొంగటం, అతిశయించటం. ఎరుపు అరుణాంశురాగంలోనే ఉంది, మళ్ళీ దీంట్లో వెతకడం దేనికి?

గూడూరు: చివర్న 'వెలింగె' అంటాడుగా. పొంగినవి వెలగటమేంది? నిండుగా మెరిసి అనాలి.

కందుకూరు: 'వెలింగె' ఉంది కాబట్టే ఇక్కడ మెరుపు అక్కర్లా. చెప్పిందే చెప్పాల్సిన ఖర్మ ఎర్రనకేంది? ఇంకోటి, ఆయన భయపడి రాశాడంటే ఒప్పుకోను. నన్నయ 'శారదరాత్రులు' దగ్గర ఆగిపోయాడు. దాదాపు మూడొందల ఏళ్ల తర్వాత ఈయనొచ్చి అదే శరత్తులో 'వాసరముఖంబులు' అంటూ తెల్లవార్చాడు. అంకితం కూడా రాజరాజనరేంద్రుడికే. హరివంశం ప్రోలయ వేమారెడ్డికిచ్చినాయనకి సొంత గొంతు లేకనా స్వామీ ఇదంతా? మా కందుకూరును ఏ జిల్లాలో కలిపినా సరే, గుడ్లూరు ఎర్రన మావాడే.

నెల్లూరు అక్క: కొనసాగింపంటే తిక్కనది. అరణ్యం జోలికే పోకుండా విరాటం నుంచి పట్టుకున్నాడు. నన్నయలాగా వినిపించాలనే తాపత్రయం ఎక్కడైనా ఉందా? ద్రౌపది భీముడి దగ్గరికెళ్లి మొరపెట్టుకునే చోట చదవండి. కావ్యభాష అని మర్చిపోయి మనిషి మాట వింటాం.

కందుకూరు: ఆయన వదిలేసి పోబట్టే కదక్కా, మావాడు పూరించాల్సొచ్చింది.

నెల్లూరు అక్క: వదిలెయ్యటానికీ గుండె కావాలి తమ్ముడూ.

ఒంగోలు కుర్రాడు: అన్నా, ఇంతకీ పొంగా, మెరుపా? రేపే పంపాలి, టెన్షన్‌గా ఉంది.

కావలి మేష్టారు: 'పోయి' కాస్తా 'వోయి' ఎట్టా అయిందో చెప్పు, అర్థం తర్వాత చూద్దాం.

నెల్లూరు అక్క: పిల్లాణ్ణి వదిలెయ్యండి మేష్టారూ. నాయనా, ఆ ఆటలో ఈసారి కొడుకు పాత్రతోనూ ఆడిస్తారంటగా, మావాడు చెప్పాడు. అది కొత్త కాదా?

ఒంగోలు కుర్రాడు: అట్రియస్‌తోనా? కొత్తే అక్కా. కానీ వాడి చేతిలో మళ్ళీ పాత విల్లే.

గూడూరు: విల్లంటే ఉత్తరగోగ్రహణం గుర్తొచ్చింది. 'సింగం బాకటితో' పద్యంలో 'చేట్పాటు' ఉంది చూశారూ, దానికి టీకాలో చెప్పిన అర్థం నాకెప్పుడూ నచ్చలా. మేష్టారూ, మీరేమంటారు?