కుంకుమ భరిణె వెండిదేనా? నీళ్లలో ముంచితే లెక్క 7 వస్తోంది

ప్రశ్న: అమ్మమ్మ వాడిన కుంకుమ భరిణె నాకు వచ్చింది. వెండిదేనని అమ్మ అంటుంది. షాపులో గీసి చూస్తామంటే మనసొప్పక తెచ్చేసుకున్నాను. బరువు 84.62 గ్రాములు. నిండు గ్లాసులో వేస్తే 12 మిల్లీలీటర్ల నీళ్లు పొర్లాయి. భాగిస్తే 7. వెండి సాంద్రత 10.49 కదా, టెన్షన్‌గా ఉంది.

జవాబు: కంగారు పడకండి. జర్మన్ సిల్వర్ అయినా 8.6 దగ్గర రావాలి. దానిలో వెండి అసలుండదు, రాగి, నికెల్, జింకు కలిపి చేస్తారు. ఇత్తడి కూడా ఇంచుమించు అంతే. అంటే మీ కొలతలోనే తేడా ఉంది. మూత పెట్టి ముంచారా?

ప్రశ్న అడిగినవారు: అవునండీ, మూత పెట్టే వేశాను.

జవాబు: మూత కింద గాలి ఉండిపోయి ఉంటుంది. ఆ గాలిని కూడా మీరు లోహం కిందే లెక్కేశారు. పైగా పొర్లిన నీళ్లు గ్లాసు అంచుకు అంటుకుంటాయి, ఆ పద్ధతి వద్దు. ముందు మూలల్లో పేరుకున్న కుంకుమ కడిగి, ఆరాక మళ్లీ తూచండి. స్కేలు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. మూత, భరిణె విడివిడిగా సన్నని దారానికి కట్టి, అడుగు, గోడలు తాకకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. స్కేలు ఎన్ని గ్రాములు చూపిస్తే ఘనపరిమాణం అన్ని మిల్లీలీటర్లు. ఆర్కిమెడిస్ సూత్రమే ఇది. నీళ్లలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేస్తే బుడగలు అంటుకోవు. మూత, భరిణె రెండిటి ఘనపరిమాణం కలిపితే 8.1 మిల్లీలీటర్ల దగ్గర వస్తే వెండి, 9.7 నుంచి 10 మధ్య వస్తే జర్మన్ సిల్వర్.

ప్రశ్న అడిగినవారు: కడిగాక కూడా బరువు 84.62 గ్రాములే. మూడుసార్లు ముంచాను. 8.21, 8.19, 8.24!

జవాబు: సగటు 8.21, మీ బరువును దానితో భాగిస్తే సాంద్రత 10.3. రాగి కలిసిన 92.5 శాతం వెండికి ఇంచుమించు ఇంతే ఉంటుంది. వెండి పూత వేసిన ఇత్తడి మాత్రం కాదు, ఇది ఖాయం. ఒక్క అనుమానం మిగులుతుంది: రాగి సాంద్రత 8.96, సీసం 11.34. రెండూ కలిసినా 10.3 రావచ్చు. హాల్‌మార్కింగ్ సెంటర్‌లో ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్-రేలతో లోహాన్ని గుర్తించే) మిషన్ కింద పెట్టించండి, గీయకుండానే చూస్తారు. అది పైపొరనే చదువుతుంది, మీ నీళ్ల లెక్క మొత్తం లోహానిది. రెండూ వెండి అంటే ఇక గీయించే పనే లేదు.