కృత్రిమ మేధ వాన కబురు చెబుతుంటే వాతావరణ శాస్త్రం చదవడం దండగా?

చిరుజల్లు:
మా తమ్ముడు ఫిజిక్స్ డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాడు. తర్వాత వాతావరణ శాస్త్రమే చదువుతానని పట్టుబట్టాడు. గూగుల్ డీప్‌మైండ్ వారి కృత్రిమ మేధ మోడల్ గ్రాఫ్‌కాస్ట్ పది రోజుల వాతావరణ అంచనాను నిమిషంలోపే ఇస్తుందని 2023లోనే చదివాం. వాడు చదువు ముగించేసరికి చేయడానికి పనంటూ మిగులుతుందా? ఇంట్లో తలో మాట అంటున్నారు. తెలిసినవారు చెప్పండి.

గణకుడు:
మొహమాటం లేకుండా చెబుతాను, వద్దు. సూపర్ కంప్యూటర్ చెమటోడ్చి చేసే లెక్కను ఇప్పుడు ఒక్క చిప్ చేస్తోంది. హువావే వారి పాంగు కూడా ఇలాంటిదే. 2025 ఫిబ్రవరిలో యూరప్ మధ్యకాలిక వాతావరణ అంచనాల కేంద్రం సొంత కృత్రిమ మేధ మోడల్‌ను రోజువారీ విధుల్లోకి దించింది. ఫోనులో వాన గుర్తు చూసుకునే మనిషికి దాని వెనుక శాస్త్రవేత్త ఉన్నాడా లేడా అన్న పట్టింపు ఉండదు. ఆ అబ్బాయిని కంప్యూటర్ సైన్స్ వైపు మళ్లించండి.

మబ్బులపహరా:
గణకుడు గారూ, మీరు చెప్పినవన్నీ నిజాలే. వాటి నుంచి తేల్చిన మాటతోనే పేచీ. గ్రాఫ్‌కాస్ట్ పాఠాలు నేర్చుకున్నది ఈఆర్‌ఏ5 అనే గతకాలపు వాతావరణ రికార్డులో 1979 నుంచి 2017 వరకు ఉన్న సమాచారంతో. దాన్ని తయారుచేసింది భౌతిక సమీకరణాలతో నడిచే పాత పద్ధతి మోడలే. ఉపగ్రహాలు, ఓడలు, విమానాలు, బెలూన్లు పంపిన కొలతలను అందులో కలిపి వండారు. ఈ రోజు అంచనా మొదలుపెట్టాలన్నా, ఈ క్షణాన వాతావరణం ఎలా ఉందో అలాగే కూర్చి మోడల్‌కు అందించాలి. డేటా అసిమిలేషన్ అనే ఆ పని చేయడానికి గట్టి మనుషులు కావాలి.

ఇక అంచనా బల్ల దగ్గర జరిగేది చూడండి. రోజుకు రెండుసార్లు, ప్రపంచ ప్రామాణిక సమయం (యూటీసీ) ప్రకారం 00, 12 గంటల వేళలకు, ప్రపంచమంతటా బెలూన్లు ఎగురుతాయి. అవి పంపిన కొలతలతో గీసిన పటంలో ఉష్ణోగ్రతది ఒక గీత, తుషార బిందువుది, అంటే గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతది, ఒక గీత. నేలకు దగ్గరగా ఆ రెండూ ఆనుకుని ఉంటే తేమ దండిగా ఉన్నట్టు. కాస్త పైన ఉష్ణోగ్రత గీత తగ్గడం మానేసి కుడికి ఒరిగితే అక్కడ వెచ్చని గాలి మూత వేసినట్టు. మధ్యాహ్నం ఎండకు ఆ మూత తెగిందా, ఉరుముల మేఘం ఆకాశానికి ఎగబాకుతుంది. తెగకపోతే చినుకు రాలదు. గ్రాఫ్‌కాస్ట్ భూమిని గళ్లుగా విడగొట్టి లెక్కిస్తుంది; ఒక్కో గడి పావు డిగ్రీ, భూమధ్యరేఖ దగ్గర దాదాపు 28 కిలోమీటర్లు. ఒంటరి ఉరుముల మేఘం ఆ గడిలో ఎక్కడో తప్పిపోతుంది. ఈ పూట మోడల్‌ను నమ్మాలా వద్దా అన్నది ఆ గీతలు చదవగలిగిన మనిషే తేల్చాలి.

గణకుడు:
2023 అక్టోబరులో ఓటిస్ ఒక్క రోజులో ఐదో శ్రేణి తుపానుగా పెరిగి మెక్సికోలోని అకపుల్కో మీద పడింది. గీతలు చదివే మీ నిపుణులు ముందుగా పసిగట్టారా?

మబ్బులపహరా:
లేదు. మోడళ్లూ పసిగట్టలేదు. తుపాన్లు అంత వేగంగా ఎందుకు బలపడతాయో పూర్తిగా తేలలేదు కాబట్టే ఆ రంగంలో పరిశోధకులు కావాలంటున్నాను.

రాత్రిడ్యూటీ:
మీ వాదన బాగుంది కానీ, ఆ అబ్బాయి ఈ ఉద్యోగమంటే ఏమనుకుంటున్నాడో ఎవరూ అడగలేదు. టీవీలో పటం ముందు నిలబడటమే అనుకుంటే ఇప్పుడే ఆపండి. విమానాశ్రయానికి అంచనా రాసేవారు గాలి దిశ, వేగం, ఎంత దూరం కనబడుతుంది, మేఘం అడుగు ఎంత ఎత్తులో ఉంది, ఏ గంటకు మారుతుంది అన్నవి కట్టె కొట్టినట్టు రాయాలి. తప్పితే విమానాలు దారి మళ్లుతాయి. పండుగని సెలవుండదు, రాత్రని మినహాయింపు ఉండదు. పైగా పొగమంచుకు తెల్లవారుజామంటే మహా ఇష్టం, సరిగ్గా మనకు కునుకు పట్టే వేళ.

చిరుజల్లు:
రాత్రి మేలుకోవడం వాడికి కొత్త కాదు లెండి. లెక్కలు ఏ మేరకు కావాలి?

రాత్రిడ్యూటీ:
పాక్షిక అవకలన సమీకరణాలు చూసి పారిపోకూడదు. ద్రవగతి శాస్త్రం, ఉష్ణగతి శాస్త్రం తప్పవు. వాటికి తోడు గణాంక శాస్త్రం, పైథాన్ చేతికి రావాలి.

గణకుడు:
అవన్నీ వస్తే నా అభ్యంతరం సగం పోయింది. ఆ లెక్కలతో పవన విద్యుత్ సంస్థల్లోనో బీమా సంస్థల్లోనో కూడా పని దొరుకుతుంది. మిగతా సగం అలాగే ఉంది: బల్ల దగ్గర కూర్చుని అంచనాలు రాసే కొలువులు మాత్రం తగ్గుతాయనే నా నమ్మకం.